యూగ్లీనా ఇంటిపేరు

ప్రశ్న: మా ఊరి చెరువులో గేదెలు దిగే రేవు దగ్గర వేసవిలో నీరు చిక్కటి ఆకుపచ్చగా మారుతుంది. ఆ నీటిచుక్కను కాలేజీ సూక్ష్మదర్శినిలో చూస్తే కదురు ఆకారంలో యూగ్లీనాలు అనే ఏకకణ జీవులు కనిపించాయి. వీటిని ఇంటర్‌లో వృక్షశాస్త్రంలోనూ చదివాం, జంతుశాస్త్రంలోనూ చదివాం. ఇంతకీ ఇది మొక్కా, జంతువా?
– ఒక విద్యార్థిని, బొబ్బిలి, విజయనగరం జిల్లా

జవాబు: రెండూ కాదు, అలాగని మీ పుస్తకాలను తప్పుపట్టడానికీ లేదు. హరితరేణువులు ఉన్నాయి కనుక యూగ్లీనా ఎండలో తన ఆహారం తానే తయారుచేసుకుంటుంది. ఈదడానికి తోకలాంటి కశాభమూ, దాని మొదలు దగ్గర ఎర్రని కంటిచుక్కా ఉన్నాయి కనుక వెలుగును పసిగట్టి అటు ఈదుతుంది. మొక్క కణానికుండే సెల్యులోజ్ గోడ దీనికి లేదు, పెల్లికిల్ అనే సాగే గుణమున్న పైపొర మాత్రమే ఉంది. అందుకే గాజుపలక మీద అది జలగలా ముడుచుకుంటూ, సాగుతూ కదలడం మీరూ గమనించే ఉంటారు. ఆహారంగా దాచుకునేది కూడా మొక్కల్లోని పిండిపదార్థం కాదు, పారమైలం అనే వేరే పదార్థం.

ఇలాంటి జీవుల కోసమే 1866లో జీవశాస్త్రవేత్త హెకెల్, మొక్కలూ జంతువులూ కాక ప్రొటిస్టా అనే మూడో రాజ్యాన్ని, అంటే జీవుల పెద్ద విభాగాన్ని, ప్రతిపాదించాడు. 1969లో మరో శాస్త్రవేత్త విటేకర్ చెప్పిన ఐదు రాజ్యాలలోనూ అది ఉంది. పరీక్షకు ఈ జవాబు చాలు. నాకు మాత్రం ప్రొటిస్టా, ఇంట్లో ఎక్కడా ఇమడని సామాన్లన్నీ ఎక్కించే అటకలా కనిపిస్తుంది.

ఇప్పటి వర్గీకరణ పైపోలికలను కాక, జన్యువులు చెప్పే వంశాన్ని చూస్తుంది. ఆ లెక్కన యూగ్లీనాకు దగ్గరి బంధువులు ట్రిపనోసోమాలు, అంటే జోరీగలు కుట్టడం వల్ల మన పశువులకు వచ్చే సర్రా జబ్బుకు కారణమైన జీవుల వర్గం. మరి ఆ పచ్చదనం ఎక్కడిది? యూగ్లీనా పూర్వీకకణం ఒకటి ఎప్పుడో ఒక హరితశైవలాన్ని (ఆకుపచ్చ నాచు కణాన్ని) మింగి, అరిగించుకోకుండా తనలోనే ఉంచుకుంది. మొక్కల హరితరేణువు చుట్టూ రెండు పొరలే ఉండగా యూగ్లీనాలో మూడు ఉండడం ఆ మింగుడుకు మిగిలిన గుర్తు. ఇల్లరికం వచ్చిన అల్లుడు సేద్యమంతా చూసుకున్నా, ఆ ఇంటికి మామగారి పేరే ఉంటుంది కదా, ఇదీ అంతే.

ఆ అల్లుడు వెళ్లిపోయినా ఇల్లు నిలుస్తుంది. స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ మందు కలిపిన ద్రవంలో పెంచితే యూగ్లీనా గ్రాసిలిస్ అనే జాతి కణాలు హరితరేణువులను కోల్పోయి తెల్లబడతాయి. వాటి సంతతికి ఆ పచ్చదనం తిరిగిరాదు. అయినా నీటిలో కరిగిన పోషకాలను పీల్చుకుంటూ అవి విభజన చెందుతూనే ఉంటాయి.