పాత మూడు చక్రాల బండి వెనక యాక్సిల్: వెల్డింగ్ వద్దండీ

క్లచ్ వదలగానే వెనక చక్రం దగ్గర టక్‌మని చప్పుడు, ఎంత బిగించినా హబ్ (చక్రం మధ్య భాగం) నట్ లూజవడం, యాక్సిల్ కొనమీద కీ (హబ్, యాక్సిల్ కలిసి తిరగడానికి మధ్యలో పెట్టే చిన్న ఉక్కు ముక్క) కూర్చునే గాడి వెడల్పవడం... ఇవి చెప్పి, వెల్డింగ్ పోయించి లేత్ పట్టించవచ్చా అని ఒకరు అడిగారు. దయచేసి ఆ పని చేయకండి. యాక్సిల్ ఉక్కు వేడికి పెళుసెక్కుతుంది, గాడి మూల దగ్గరే పగులు మొదలై ఒకరోజు చక్రం ఊడిపోతుంది.

అసలు బలమంతా టేపర్ (యాక్సిల్ కొన సన్నబడే వాలు భాగం) పట్టులో ఉంటుంది, కీ మీద కాదు. టేపర్ సరిగా కూర్చోకపోతేనే భారం కీ మీద పడి గాడి తినేస్తుంది. కాబట్టి ముందు కీ తీసేసి, టేపర్‌కి ప్రష్యన్ బ్లూ (ఎక్కడ తగులుతోందో చూపే నీలి రంగు) పల్చగా రాసి హబ్ ఎక్కించి చూడండి. హబ్ లోపల కనీసం ముప్పాతిక భాగానికి రంగు అంటాలి. కొద్దిగా తక్కువైతే సన్న వాల్వ్ గ్రైండింగ్ పేస్ట్‌తో చేత్తో రుద్దండి, తర్వాత పేస్ట్ మొత్తం కడిగేయండి. హబ్ మరీ లోపలికి వెళ్లి, వాషర్ హబ్‌ని కాకుండా యాక్సిల్ మెట్టుని నొక్కుతుంటే ఆ హబ్ పనికిరాదు.

గాడి కొంచెమే అరిగితే మెట్టు కీ (ఒక సగం వెడల్పుగా, ఇంకో సగం సన్నగా ఉండేది) చేయించండి. బాగా అరిగితే కొత్త యాక్సిలే. ఏదైనా సరే, డై పెనెట్రెంట్‌తో (పగుళ్లలోకి దిగి వాటిని చూపే రంగు ద్రవం) పగుళ్లు చూశాకే వాడండి.

బిగించేటప్పుడు టేపర్ పొడిగా ఉండాలి. స్ప్లిట్ పిన్ (నట్ ఊడకుండా గుచ్చే పిన్ను) రంధ్రం కుదరకపోతే నట్ ఇంకాస్త బిగించండి, వెనక్కి మాత్రం తిప్పకండి. కొద్ది దూరం నడిపాక మళ్లీ చెక్ చేయండి.