వయొలిన్ వాయించాక ఎడమ చెవిలో హోరు... ఎందుకు?

ప్రశ్న: నా వయసు 27. ఉండేది చిక్కడపల్లిలో. సికింద్రాబాద్‌లో ఒక ఆర్కెస్ట్రాలో ఎనిమిదేళ్లుగా వయొలిన్ వాయిస్తున్నాను. నా వెనక వరసలో ట్రంపెట్లు ఉంటాయి. ఈ మధ్య మూడు గంటల రిహార్సల్ అయ్యాక ఎడమ చెవి గుయ్‌మంటోంది. ఒక్కోసారి తెల్లారేదాకా తగ్గడం లేదు. నోట్స్ స్టాండు మీద ఫోన్ పెట్టి యాప్‌తో శబ్దం కొలిస్తే 82 డెసిబుల్స్ వచ్చింది. పరవాలేదనే అంటున్నారు. మరి ఈ హోరెందుకు డాక్టర్‌గారూ?

జవాబు: ఫోన్ చెప్పింది తప్పు కాకపోవచ్చమ్మా. కానీ అది స్టాండు దగ్గరి శబ్దం, మీ చెవి దగ్గరిది కాదు.

వాయిద్యం పుట్టించే శబ్దశక్తి వేరు, చెవికి చేరే డెసిబుల్స్ వేరు. 9 వాట్ల బల్బును ఏ మూల పెట్టినా 9 వాట్లే. పుస్తకం మీద పడే వెలుతురు మాత్రం దూరాన్ని బట్టి మారుతుంది. 1931లో అమెరికాలో బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థవాళ్లు కొలిస్తే పెద్ద డ్రమ్ము గట్టిగా మోగిన క్షణంలో 25 వాట్ల శబ్దం వచ్చింది. ట్రంపెట్‌ది వాట్‌లో మూడో వంతు కూడా లేదు. వయొలిన్‌ది ఇంకా తక్కువే. అయితే ఆ వయొలిన్ మీ ఎడమ చెవికి జానెడు దూరంలో ఉంది! గట్టిగా వాయిస్తే అక్కడ 90 దాటడం మామూలే. దూరం చెప్పకుండా 'ఫలానా వాయిద్యం ఇన్ని డెసిబుల్స్' అనే పట్టికలను నేనైతే పట్టించుకోను.

రోజుకు 85 డెసిబుల్స్ అయితే 8 గంటల వరకు హద్దు. ఆపైన 3 పెరిగినప్పుడల్లా సమయం సగానికి పడిపోతుంది. 94 అయితే గంటే. 3 పెరిగితే శక్తి రెట్టింపవుతుంది కానీ, చెవికి కాస్త పెరిగినట్టే అనిపిస్తుంది. ఇక్కడే మోసపోతాం.

ట్రంపెట్లనూ వదిలేయలేం. వాటి మూతి ఎటుంటే శబ్దం అటే పోతుంది. వాళ్లను మెట్టు ఎత్తులో కూర్చోబెట్టమనండి, శబ్దం మీ తలల మీదుగా పోతుంది. సంగీతకారుల కోసం చేసే ఇయర్‌ప్లగ్స్ వాడండి. దూది లాభం లేదు, స్వరం మారిపోతుంది తప్ప.

హోరు ఒక్క చెవిలోనే ఉంటే వేరే కారణాలూ ఉండొచ్చు కాబట్టి తప్పంతా వయొలిన్‌దే అనలేం. ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించి ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష, చేయించండి. కోఠి ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి మీకు దగ్గరే. ముందురోజు రిహార్సల్ వద్దు, లేకపోతే ఫలితం సరిగ్గా రాదు. చెవిలో నూనె పోయకండి. ఎప్పుడైనా ఉన్నట్టుండి వినికిడి తగ్గితే మాత్రం అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లండి.