డెవలపర్ పొడి రంగు మారితే

ప్రశ్న: డీ-76 (నలుపు-తెలుపు ఫిల్మ్ కడిగే డెవలపర్) ప్యాకెట్ విప్పితే పొడి గోధుమ రంగులో ఉంది. అయినా కలిపి వాడితే నెగెటివ్‌లు పల్చగా వచ్చాయి. తప్పు పొడిదా, మా బోరు నీళ్లదా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ముందు ఫిల్మ్ అంచున ఉండే నంబర్లు చూడండి. అవీ వెలిసినట్టుంటే తప్పు డెవలపింగ్‌ది. అవి నల్లగా ఉండి బొమ్మ ఒక్కటే పల్చనైతే ఎక్స్‌పోజర్‌ది, అంటే కెమెరాలో ఫిల్మ్‌కు తగిలిన వెలుతురుది. గాలి, తేమ తగిలితే బొమ్మను తేల్చే రసాయనాలైన మెటాల్, హైడ్రోక్వినోన్ పాడై పొడి రంగు మారుతుంది. ఇకముందు ఫిల్మ్ కొస ముక్కను వెలుతురులోనే డెవలపర్‌లో ముంచి చూడండి. ఐదారు నిమిషాల్లో నల్లబడకపోతే పారబోయడమే. ఎక్స్‌టాల్ అనే మరో డెవలపర్‌కైతే ఈ పరీక్ష తప్పనిసరి, అది చచ్చినా రంగు మారదు!

సొంతంగా కలుపుకుంటే ఈ బెడద తక్కువ. లీటరుకు మెటాల్ 2 గ్రాములు, నీరులేని సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2 గ్రాములు. 50 డిగ్రీల నీళ్లు 750 మిల్లీలీటర్లు తీసుకుని చిటికెడు సల్ఫైట్, ఆ తర్వాత మెటాల్, ఆపైన మిగతావి వరుసగా వేసి, చల్లటి నీళ్లతో లీటరు చేయండి. సల్ఫైటంతా ముందే పోస్తే మెటాల్ కరగదు. బోరు నీళ్లలోని సున్నం మడ్డి కడుతుంది, డిస్టిల్డ్ వాటరే వాడండి. మన ఎండల్లో డెవలపర్‌ను వాడే ముందు 20 డిగ్రీలకు దించాలంటే సీసాను ఐసు నీళ్ల బకెట్లో పెట్టాల్సిందే. ఐసు మాత్రం డెవలపర్‌లో వేయకండి.