యూదుల పండుగలను తెలుసుకోవాలంటే క్రైస్తవులు ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ సంఘంలో కొందరు ఈసారి, ఐగుప్తు దాస్యం నుంచి విడుదలను స్మరించే పస్కా భోజనాన్ని యూదుల పద్ధతిలో ఆచరిద్దామంటున్నారని, మరికొందరు అది మళ్లీ మోషే ధర్మశాస్త్రం కిందికి పోవడమేనని అభ్యంతరం చెబుతున్నారని రాశారు. ఈ మూలాలను తెలుసుకోవడం ఎక్కడ మొదలుపెట్టాలని కూడా అడిగారు. ఆచరణ సంగతి తరువాత చూసుకోవచ్చు, ముందు చదవడంతో మొదలుపెట్టండి అన్నది నా సమాధానం. నేను గుంటూరు జిల్లాలో లూథరన్ కుటుంబంలో పుట్టి పెరిగాను. ఉద్యోగరీత్యా న్యూజెర్సీలో ఉన్న రోజుల్లో యూదు సహోద్యోగుల ఇళ్లలో ఈ పండుగలను అతిథిగా దగ్గరి నుంచి చూశాను.

లేవీయకాండము 23వ అధ్యాయాన్ని, యోహాను సువార్తను పక్కపక్కన తెరిచి పెట్టుకోండి. మిగిలిన మూడు సువార్తలకంటే యోహాను తన కథనాన్ని ఎక్కువగా పండుగల వెంబడి నడిపిస్తాడు. 2, 6 అధ్యాయాల్లోనూ 11వ అధ్యాయం చివరి నుంచీ పస్కా ఉంటుంది. 7వ అధ్యాయంలో పర్ణశాలల పండుగ, 10వ అధ్యాయంలో ఆలయ ప్రతిష్ఠిత పండుగ (హనుక్కా) వస్తాయి. తిథులతో పరిచయమున్న మనకు ఈ పండుగల లెక్క త్వరగానే పట్టుబడుతుంది. యూదుల నెల నెలవంకతో మొదలవుతుంది కనుక పస్కా వచ్చే నీసాను నెల 14 సాయంత్రం అంటే పౌర్ణమి రోజులే. చాంద్రమానం ఋతువులకు వెనకబడకుండా 19 ఏళ్లలో 7 అధికమాసాలు వస్తాయి. అందుకే 2024లో ఈస్టరు మార్చి 31న వస్తే, పస్కా ఏప్రిల్ 22 సాయంత్రం గాని మొదలుకాలేదు. ఈస్టరు తేదీని యూదుల లెక్కతో ముడిపెట్టకుండా నిర్ణయించుకోవాలని క్రీ.శ. 325లో క్రైస్తవ సంఘపెద్దల నికయ సభ తీర్మానించినప్పటి నుంచి ఈ రెండూ వేర్వేరు దారుల్లో నడుస్తున్నాయి. యేసును పట్టుకోవడానికి వచ్చినవారు పున్నమి వెన్నెలలో కూడా దివిటీలు, దీపాలు పట్టుకొని వచ్చారని యోహాను రాయడం, ఈ లెక్క తెలిసిన తరువాత నాకు కొత్తగా కనిపించింది.

చదవడం వల్ల ఏమి ఒరుగుతుందో చూపడానికి పర్ణశాలల పండుగను మించిన ఉదాహరణ నాకు తెలియదు. ఆ దేశంలో వేసవి పొడవునా వాన ఉండదు. సరిగ్గా వానలు మొదలు కావలసిన వేళకు ఈ పండుగ వస్తుంది. లోకానికి ఆ ఏడాది ఎంత నీరు దక్కుతుందో ఈ పండుగ రోజుల్లోనే తీర్పు జరుగుతుందని యూదు పెద్దలు చెప్పుకొనేవారు. దేవాలయం ఉన్న కాలంలో ఆ పండుగ ఎలా జరిగేదో సుమారు క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా, అంటే యూదు పెద్దల మౌఖిక బోధల సంకలనం, వివరిస్తుంది. యాజకుడు సిలోయము కోనేటిలో బంగారు పాత్రతో నీళ్లు ముంచుకొని, బూరధ్వనుల మధ్య నీటి గుమ్మం గుండా వచ్చి, బలిపీఠం మీదున్న వెండి గిన్నెలో పోసేవాడు. రాత్రిళ్లు స్త్రీల ఆవరణంలో ఎత్తయిన దీపస్తంభాలు వెలిగించేవారు. యువ యాజకులు నూనె కూజాలతో నిచ్చెనలెక్కి, యాజకుల పాత లాగులను, నడికట్లను చింపి చేసిన వత్తులను వేసి వెలిగిస్తే, యెరూషలేములో ఆ వెలుగు సోకని ముంగిలి ఉండేది కాదట. ఇప్పుడు యోహాను 7, 8 అధ్యాయాలు చదవండి. పండుగ చివరి రోజున యేసు నిలబడి, దప్పిగొన్నవారు తన దగ్గరికి రావాలని బిగ్గరగా పిలుస్తాడు. తరువాతి అధ్యాయంలో తానే లోకానికి వెలుగునంటాడు. ఆ మాటలు కానుకపెట్టె ఉన్నచోట చెప్పాడని యోహాను ప్రత్యేకంగా రాశాడు. కానుకపెట్టెలు ఉన్నది ఆ స్త్రీల ఆవరణంలోనే. 9వ అధ్యాయంలో పుట్టు గుడ్డివాణ్ణి కడుక్కోమని పంపినది కూడా సిలోయముకే. 2004లో యెరూషలేములో మురుగు గొట్టం పనులు చేస్తుండగా ఆ కోనేటి మెట్లు బయటపడ్డాయి.

పస్కా విషయంలో మాత్రం కొంత జాగ్రత్త అవసరం. నన్ను పిలిచిన ఇంటి బల్లమీద గొఱ్ఱెపిల్ల మాంసం లేదు. పళ్లెంలో కాల్చిన ఎముక ఒక్కటే ఉంది. దేవాలయం క్రీ.శ. 70లో కూలిపోయాక బలి లేదు కనుక, ఆ రాత్రి కాల్చిన గొఱ్ఱె మాంసం తినకపోవడం తూర్పు ఐరోపా నుంచి వచ్చిన యూదుల ఆచారమని ఇంటి పెద్ద వివరించారు. పులియని రొట్టె, కళ్లలో నీళ్లు తెప్పించే చేదు దుంప తురుము, ఉప్పునీటిలో ముంచిన ఆకుకూర వరుసగా వచ్చాయి. ఇంట్లో అందరికంటే చిన్నపిల్ల, ఈ రాత్రి మిగతా రాత్రుల వంటిది ఎందుకు కాదని పాటగా అడిగింది. ఐగుప్తు తెగుళ్లను ఒక్కొక్కటిగా చదువుతున్నప్పుడు అందరూ గిన్నెలోని ద్రాక్షారసంలో వేలు ముంచి ఒక్కో చుక్క పళ్లెంలోకి తీశారు. శత్రువులైనా బాధపడ్డారు కనుక మన సంతోషపు గిన్నె అంతమేరకు తగ్గాలని దానికి వారు చెప్పుకొనే అర్థం. నేను చిన్నప్పటి నుంచి విన్న నిర్గమకాండ ప్రసంగాల్లో ఐగుప్తీయుల కోసం అలా ఒక చుక్కయినా తగ్గించిన ప్రసంగం నాకు గుర్తు లేదు.

ఈ భోజనంలోని నాలుగు ద్రాక్షారసపు గిన్నెల్లో మూడవదాన్నే యేసు ఎత్తి పట్టుకున్నాడని, దాచిపెట్టి తరువాత తినే రొట్టెముక్క ఆయన సమాధికి గుర్తని మన బోధకులు కొందరు చెబుతుంటారు. వినడానికి బాగానే ఉంటుంది గాని, నాలుగు గిన్నెల క్రమం మనకు రాతలో కనిపించేది మిష్నాలోనే. ఇప్పటి పద్ధతిలో ఎక్కువ భాగం దేవాలయం పోయాక రూపుదిద్దుకున్నది కనుక, దాన్ని యథాతథంగా యేసు కడరాత్రి భోజనం చేసిన మేడగదిలోకి తీసుకెళ్లడం సరికాదు. పైగా మార్కు ప్రకారం కడరాత్రి భోజనమే పస్కా అయితే, యోహాను ప్రకారం యేసు మరణించినది పస్కాను సిద్ధపరచే దినాన. గొఱ్ఱెపిల్లలను వధించే వేళకు ఆయన మరణాన్ని చేర్చి, ఎముక విరవకూడదన్న నిర్గమకాండము 12వ అధ్యాయపు నియమాన్ని యోహాను గుర్తుచేస్తాడు. ఈ తేడాను బలవంతంగా సరిచేయకుండా, ఇద్దరూ ఏమి చూపదలచారో విడివిడిగా చదవడం మేలు.

కోతకాలపు పండుగైన పెంతెకొస్తుకు లేవీయకాండము 23:17లోని పులిసిన రెండు రొట్టెలను, రూతు గ్రంథాన్ని కలిపి చదివితే మంచి ఆరంభం అవుతుంది. ఆలయ ప్రతిష్ఠిత పండుగ వెనుక కథ మక్కబీయుల గ్రంథంలో ఉంది; అది మన ప్రొటెస్టెంటు బైబిల్లో లేదు కనుక కథోలిక స్నేహితుల దగ్గర తెలుగు బైబిలు అడిగి తీసుకోండి.

ఇక ఆచరించడం గురించి. అన్యజనుల మీద ధర్మశాస్త్రపు భారం మోపకూడదని అపొస్తలుల కార్యములు 15లో తేలిపోయింది. పండుగల విషయంలో ఎవరూ మీకు తీర్పు తీర్చకూడదని కొలొస్సయులకు 2:16 చెబుతుంది. అందుచేత చేయకపోతే పాపమని ఎవరైనా అంటే ఒప్పుకోనక్కరలేదు. అయితే నా అభ్యంతరం ధర్మశాస్త్రం గురించి కాదు, పొరుగువారి గురించి. శతాబ్దాలపాటు ఐరోపాలో పస్కా, శ్రమల వారం వస్తున్నాయంటే యూదులు భయంతో తలుపులు వేసుకొనేవారు. క్రీస్తును చంపినవారన్న నింద ఆ రోజుల్లోనే దాడులుగా మారేది. ఆ నిందను యూదులందరి మీదా మోపకూడదని రోమను కథోలిక సంఘం 1965లో అధికారికంగా ప్రకటించింది. అంత చరిత్ర ఉండగా, వారి భోజనాన్ని మన ఫెలోషిప్ హాలులో మన అర్థాలు తగిలించి ప్రదర్శించడం చాలామంది యూదులను నొప్పిస్తుంది. అంటుకట్టిన అడవి ఒలీవ కొమ్మ చెట్టు వేరును భరించదని, ఆ వేరే దాన్ని భరిస్తుందని రోమా 11లో పౌలు హెచ్చరించినది మనవంటివారినే. చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిం సమాజం ఉంది. వారు యూదు ధర్మాన్ని తమ జీవనంగా పాటిస్తున్నారు. వారి పండుగ మన ప్రసంగానికి దృష్టాంతం కాదు.

మన సంఘాల్లో ఈ మూలాలు ఇప్పటికే కొన్ని ఉన్నాయి. కోత పండుగనాడు తొలి ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి ఆరాధన కాగానే గుడి ఆవరణలో వేలం వేస్తామే, అది ప్రథమ ఫలముల భావమే. పెద్దలు ఏదో ఒకటి చేయాలని పట్టుబడితే, శుభ శుక్రవారానికి ముందటి రాత్రి ప్రభు బల్ల ముగిశాక 113 నుంచి 118 వరకు కీర్తనలను వరుసగా చదివించండి. పస్కా రాత్రి యూదులు పాడేవి అవే. మత్తయి 26:30లో ఒలీవల కొండకు వెళ్లేముందు శిష్యులు పాడినవి వాటిలోనివేనని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఇల్లు కట్టేవారు వద్దన్న రాయి, హోసన్నా అన్న మొర రెండూ 118వ కీర్తనలోనే ఉన్నాయి కనుక, దాన్ని ఒక్కరు చదవడం కంటే సంఘమంతా కలిసి బిగ్గరగా చదివితే బాగుంటుంది.