పాదరసం లాంటి నాన్న

సత్యనారాయణపురం, విజయవాడ

అమ్మాయీ,

ఆశీస్సులు. నీ కథ నిన్న రాత్రి చదివాను. గుంటూరు మిర్చి యార్డులో మిరపకాయల టిక్కీలు, అదే బస్తాలు, మోసి నాన్న ఇంటికి రాగానే పిల్లలు తుమ్మడం మొదలుపెట్టే చోట చాలాసేపు ఆగిపోయాను. దాని కిందనే ‘నాన్నది మెర్క్యూరియల్ టెంపరమెంట్’ అన్నావు. అది చూశాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

ఆ మాట ఆయనకు నప్పదు. మొదటి పేజీ నుంచీ ఆయన కోపంగానే ఉన్నాడు. అలాంటివాణ్ణి మనం ముక్కోపి అంటాం. మెర్క్యూరియల్ అన్న మాట మెర్క్యురీ పేరు నుంచి పుట్టింది. ఆయన రోమన్ల దేవుడు. దేవతల కబుర్లు మోసేవాడు, వర్తకానికీ మాటకారితనానికీ పెద్ద దిక్కు. గ్రహానికీ పాదరసానికీ ఆయన పేరే పెట్టారు. ఆ గ్రహం మనకు బుధుడు. మన జ్యోతిషం కూడా తెలివినీ, వాక్కునూ, వ్యాపారాన్నీ బుధుడికే అప్పగించింది. అందుకే ఆ ఇంగ్లిషు మాటలో చురుకుదనమూ, ఇట్టే మారిపోయే మనసూ కలిసే ఉంటాయి. మెర్క్యూరియల్ అనాలంటే, ఇప్పటిదాకా అందరినీ నవ్వించినవాడు కాఫీ చల్లారేలోపు అలిగి లేచి వెళ్ళాలి, గుమ్మం దగ్గరే వెనక్కి తిరిగి ఇంకో కబురు ఎత్తుకోవాలి. తెలుగులో ఈ రెండూ విడిపోయాయి. బుర్ర చురుకైతే పాదరసం అంటాం, నిలకడ లేకపోతే గడియకో తీరు అంటాం. మొదటిది మెప్పు, రెండోది నింద.

ఈ తేడా నాకు మా నాన్న వల్ల తెలిసింది. నా మొదటి కథ ఆయన మీదే. పొద్దున భుజాన ఎక్కించుకుని సాయంత్రానికి ముఖం చాటేసే మనిషి ఆయన. ‘గడియకో తీరు మనిషి’ అని రాసి పంపాను. ఎడిటరు నన్నడక్కుండా దాన్ని కొట్టేసి ‘మెర్క్యూరియల్ మనిషి’ అని వేశాడు. ఇంగ్లిషు మాట పడితేనే కథ కొత్తగా ఉంటుందనే పిచ్చి అప్పట్లో ఉండేది. ఆ కోపం నాకింకా తీరలేదు. నాన్న పత్రిక పట్టుకొచ్చి అర్థం అడిగాడు. భయపడి, ‘పాదరసం లాంటి మనిషి అని నాన్నా’ అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. బీసెంట్ రోడ్డులో తాను గుమస్తాగా చేసే కొట్లో ఆ పేజీ అందరికీ చూపించాడు. ఆయన పోయేదాకా నేను నిజం చెప్పలేకపోయాను.

నువ్వు ఆ మాట తీసెయ్యి. దాని బదులు తెలుగు మాట కూడా పెట్టకు. మనిషి స్వభావాన్ని ఒక్క విశేషణంతో చెప్పేస్తే, ఇక ఆ మనిషి కథలో చెయ్యడానికేమీ మిగలదు. నాలుగో పేజీలో, ‘ఒకసారి మాత్రం పునుగులు తెచ్చాడు’ అని అరవాక్యం రాసి వదిలేశావు. పని దొరక్క ఉత్త చేతులతో రావాల్సిన రోజు కదా అది! ఆ డబ్బులెక్కడివి? పొట్లం ఎవరి చేతికిచ్చాడు? అప్పుడేమన్నాడు? పిల్లలు ఆ రోజు కూడా తుమ్మారా? అక్కణ్ణుంచి మళ్ళీ రాసి పంపు. పత్రికల సంగతి తర్వాత చూద్దాం.

నీ మేలుకోరే
బాబాయి