కారులో గాలి ఈల: దారి కనిపెట్టేదెలా?

ప్రశ్న: మా కారు 80 కిలోమీటర్ల వేగం దాటగానే డ్రైవర్ తలుపు వైపు ఈల వేసినట్టు సన్నగా మోత వస్తోంది. అద్దాలన్నీ పూర్తిగా ఎక్కించే ఉంటాయి. తలుపు మార్చాల్సిందేనా?

జవాబు: అప్పుడే తలుపు జోలికి వెళ్లకండి. ముందు ఒక కాగితం ముక్కని తలుపు చుట్టూ ఉండే రబ్బరు అంచుకీ (బీడింగ్) కారు బాడీకీ మధ్య పెట్టి, తలుపు వేసి, మెల్లగా లాగి చూడండి. బిగువుగా వస్తే అక్కడ బాగున్నట్టే, జారిపోయి వచ్చేస్తే గాలి దూరేది అక్కడేనని అనుమానించాలి. జానెడు దూరానికోసారి ఇలా చుట్టూ చూడండి, పై మూలల్లో మరీ జాగ్రత్తగా. తర్వాత తలుపు సందులన్నీ, సైడ్ మిర్రర్ మొదలుతో సహా, బయటి నుంచి మాస్కింగ్ టేప్‌తో మూసి, అదే రోడ్డు మీద అదే వేగంతో నడపండి. మోత ఆగిందా, ఇక ఒక్కో ముక్కే పీకుతూ మళ్లీ నడపండి, ఏది తీశాక ఈల మొదలైందో లోపం అక్కడే.

బీడింగ్‌కి మట్టి పడితే సబ్బు నీళ్లతో తుడిచి, ఆరాక సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి. ఇంజిన్ ఆయిల్ మాత్రం వద్దు, రబ్బరు ఉబ్బి పాడవుతుంది. చిరిగితే మార్చడమే. రబ్బరు బాగుండీ కాగితం జారుతుంటే తలుపు లాక్ తగులుకునే కొక్కేన్ని కాస్త లోపలికి జరిపించాలి, పాత చోటు గీత గీసుకున్నాకే.

టేప్ వేసినా తేడా లేకపోతే కారు పైకప్పు మీది కడ్డీలు (రూఫ్ రెయిల్స్) చూడండి. రోడ్డు మారినప్పుడల్లా మోత మారుతుంటే అది టైర్లది.