సులోచన మీద నీ వ్యాసం చదివాక

అమ్మాయీ,

మూకీ సినిమాల స్టార్ సులోచన మీద నీ వ్యాసం అందింది. శైలి బావుంది. కానీ ‘టాకీలు రావడంతో సులోచన వెలుగు ఆరిపోయింది, ఇక మిగిలింది కన్నీళ్లే’ అన్నావే, అక్కడ నాకు ఒళ్లు మండింది. ఆ కన్నీళ్లు నీకెక్కడ కనిపించాయి?

1931లో ఆమె పనిచేసే ఇంపీరియల్ కంపెనీయే మన దేశపు తొలి టాకీ ‘ఆలం ఆరా’ తీసింది, జుబేదాని హీరోయిన్‌గా పెట్టి. సులోచన అసలు పేరు రూబీ మేయర్స్, బాగ్దాదీ యూదుల ఇంట పుణేలో పుట్టింది, హిందుస్తానీ సరిగా రాదు. అంత పెద్ద స్టార్, ఏడాది పాటు నటన పక్కనపెట్టి భాష నేర్చుకుంది. 1932లో తన మూకీ ‘మాధురి’నే టాకీగా మళ్లీ తీస్తే అందులో మాట్లాడింది. ఆ ఏడాదికి నువ్విచ్చింది ఒక్క వాక్యం. ఆవిడ జీతానికి మాత్రం పేజీ!

నటి గురించి రాస్తే ఆమె పని రాయాలమ్మా. 1927లో ‘వైల్డ్‌క్యాట్ ఆఫ్ బాంబే’లో ఎనిమిది వేషాలు వేసింది. తోటమాలి, పోలీసు, అరటిపళ్లు అమ్మే మనిషి, మన హైదరాబాదీ పెద్దమనిషి కూడా. నోట మాట లేదు. నడక, భుజాలు, చూపు, వీటితోనే మనిషి మారాలి. అది ఎంత కష్టమో నీ వ్యాసంలో ఎక్కడుంది?

మన ఎడిటర్లకి పాతతరం నటి అంటే దిక్కులేకుండా పోవాల్సిందే. నేను కొత్తగా రాసే రోజుల్లో ఒక రంగస్థల నటి మీద వ్యాసం రాసి ఓ వారపత్రికకి ఇచ్చాను. పద్యం ఎత్తుకునే ముందు ఆవిడ ఊపిరి ఎక్కడ తీసుకునేదో, ఒకే రాత్రి రెండు వేషాలకి మేకప్ ఎలా మార్చుకునేదో రాశాను. అదంతా కొట్టేసి, ఆవిడ అద్దె బాకీ గురించిన రెండు లైన్లు హెడ్డింగ్‌కి ఎక్కించారు. ఆవిడ నాతో మళ్లీ మాట్లాడలేదు. ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు నాకు.

సులోచనకి తర్వాత వేషాలు చిన్నవయ్యాయి, నిజమే. రాయి. కానీ 1928 మూకీలోనూ 1935 టాకీలోనూ అనార్కలి తనే. 1953లో మళ్లీ అదే కథలో సలీం తల్లిగా వచ్చింది. దాన్ని ‘విధి వెక్కిరింత’ అనేశావు. పాతికేళ్ల తర్వాత కూడా పిలిచి వేషం ఇచ్చారంటే పని తెలిసిన మనిషనే కదా! 1973లో ఫాల్కే అవార్డు ఆవిడ బతికుండగానే ఇచ్చారు, ఆ సంగతే నువ్వు వదిలేశావు.

ఏ పత్రికకి పంపాలో తర్వాత చూద్దాం. ముందు 1953 ‘అనార్కలి’లో ఆవిడ ఉన్న సీన్లు ఆపి ఆపి చూడు. భాష నేర్చుకున్న ఆ ఏడాది నుంచి వ్యాసం మొదలుపెట్టి, మళ్లీ రాసి నాకు పంపు.

ఆశీస్సులతో.